ముచ్చట్లు రాసిన వరలక్ష్మమ్మ గారు

బాపట్ల పేరు చెప్పగానే మన క్లాసులో ఎక్కువమందికి గుర్తొచ్చేది సూర్యలంక బీచ్. ఇంకొంచెం తెలిసినవాళ్ళు భావనారాయణ స్వామి గుడి అంటారు, అగ్రికల్చర్ కాలేజీ అంటారు. నాకు మాత్రం ఈమధ్య బాపట్ల అంటే ఒక రచయిత్రి పేరు గుర్తొస్తోంది. ఆవిడే కనుపర్తి వరలక్ష్మమ్మ గారు.

మాది జంపని. తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే బ్రాంచి లైన్లో, వేమూరుకి ముందొచ్చే చిన్న స్టేషన్. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మా వేమూరు మండలం గుంటూరు జిల్లా నుంచి బాపట్ల జిల్లాలోకి మారింది. పక్కనే ఉన్న తెనాలి మాత్రం గుంటూరులోనే ఉండిపోయింది. తెనాలి మనది కాకుండా పోయిందే అని మా ఊళ్ళో కాసేపు బాధపడ్డాం. ఎందుకంటే తెనాలికి సినిమావాళ్ళు, రచయితలు, నాటకాలవాళ్ళు బోలెడుమంది. మరి బాపట్లకి ఎవరున్నారు అని వెతుక్కుంటూ పోతే వరలక్ష్మమ్మ గారు దొరికారు. ఇక తెనాలి లేదన్న బెంగ తీరిపోయింది.

ఆవిడ గురించే ఎందుకు రాస్తున్నానంటే, పుస్తకాలు, చీరలు, వంటిల్లు, ప్రయాణాలు, స్నేహితురాలితో కబుర్లు, ఇలాంటి రోజువారీ సంగతులు సాహిత్యానికి పనికిరావని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. అమ్మాయిలు ఇవి రాస్తే టైంపాస్ అంటారు. దాదాపు వందేళ్ళ క్రితం ఈ టైంపాస్ సంగతుల పక్కనే దేశాన్ని, చట్టాన్ని కూర్చోబెట్టి మాట్లాడిన మనిషి ఆవిడ.

రైలు కంటే మూడేళ్ళు పెద్ద

వరలక్ష్మమ్మ గారు 1896లో బాపట్లలో పుట్టారు. తండ్రి పాలపర్తి శేషయ్య గారు, తల్లి హనుమాయమ్మ గారు. అప్పటికి బాపట్ల మీదుగా రైలు లేదు. బెజవాడ నుంచి మద్రాసుకి లైను పూర్తయి రైళ్ళు నడవడం 1899లో మొదలైంది. అంటే మన కథానాయిక రైలు కంటే మూడేళ్ళు పెద్ద. ఇది సరదాకి చెప్పడం లేదు. ఆ లైను మీదే మద్రాసులో అచ్చైన పత్రికలు కోస్తా ఊళ్ళకి వచ్చేవి, ఇక్కడి నుంచి రాతలు మద్రాసు వెళ్ళేవి. రైలూ, పోస్టాఫీసూ లేకపోతే బాపట్లలో ఉన్న ఒక ఇల్లాలు మద్రాసు పత్రికకి నెలనెలా రాయడం అనేదే ఉండేది కాదు. మనం ఇప్పుడు ఇంటర్నెట్ గురించి ఏం చెప్పుకుంటామో అప్పుడు ఆ రైలు గురించి అదే చెప్పుకోవాలి.

ఆ కాలంలో ఆడవాళ్ళ చదువు ఎలా ఉందో ఒక్క లెక్క చాలు. 1911 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద చదవడం, రాయడం వచ్చిన ఆడవాళ్ళు నూటికి ఇంచుమించు ఒక్కరు. మన క్లాసులో అరవై మంది ఉంటాం. ఆ లెక్కన క్లాసు మొత్తం అమ్మాయిలే అయినా ఒక్కరికైనా చదువొచ్చేది గ్యారంటీ లేదు. వరలక్ష్మమ్మ గారు ఆ నూటికి ఒక్కరిలో ఒకరు. చదువుకు విలువిచ్చే ఇంట్లో పుట్టడం ఆవిడ అదృష్టం, అది అందరికీ దొరికేది కాదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి, లేకపోతే కష్టపడితే ఎవరైనా అయిపోవచ్చు అనే మోటివేషన్ స్పీచ్ అయిపోతుంది.

పెళ్ళి 1909లో అయింది. లెక్కేసుకోండి, పదమూడేళ్ళు. ఇప్పుడైతే ఎనిమిదో తరగతి. భర్త కనుపర్తి హనుమంతరావు గారు, హెల్త్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం. ఆ రోజుల్లో కలరా, మశూచి వస్తే ఊళ్ళకి ఊళ్ళే ఖాళీ అయ్యేవి కాబట్టి అది కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం కాదు. ఆయన భార్య రాతకి అడ్డు చెప్పలేదు, పైగా అండగా నిలిచారు. ఇందులో గొప్పేముంది అనిపించొచ్చు. కానీ పదమూడేళ్ళకి పెళ్ళయిన అమ్మాయి జీవితం ఎటు పోతుందనేది ఆ రోజుల్లో పూర్తిగా భర్త ఎలాంటివాడు అన్నదాని మీదే ఉండేది. ఆవిడకి మంచే జరిగింది. ఆవిడ తర్వాత రాసిన రాతలు చూస్తే, తనకి మంచి జరిగింది కాబట్టి ఆ పద్ధతి మంచిదే అని అనుకోలేదని అర్థమవుతుంది. నాకు ఆవిడ మీద గౌరవం కలగడానికి మొదటి కారణం ఇది.

ఆవిడ పదిహేడో ఏట, 1913లో, బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. తెలుగువాళ్ళకి వేరే రాష్ట్రం కావాలన్న మాట గట్టిగా వినపడిన సభ అది. చిన్న ఊరే అయినా బాపట్ల గాలిలో అప్పటికే రాజకీయం ఉంది.

లీలావతి, చెట్టు నీడ, అరుగు మీద కబుర్లు

1919లో ఆవిడ రచన మొదలైంది. సౌదామిని అనే కథ, ఒక ఇంగ్లీషు కథకి అనువాదం. అప్పటికి ఆవిడకి ఇరవై మూడేళ్ళు. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఇంగ్లీషులో కథ చదివి తెలుగులో రాయమంటే రెండో పేరా దగ్గర నాకు తెలుగు మాటలు అయిపోతాయి. ఆవిడకి పరిస్థితి సరిగ్గా తలకిందులు. తెలుగు ఒళ్ళంతా ఉంది, ఇంగ్లీషు కథని తన దారికి తెచ్చుకుంది.

తర్వాత ఆంధ్రపత్రికలో లీలావతి అనే కలం పేరుతో ఒక శీర్షిక నడిపారు. దాని పేరు మా చెట్టు నీడ ముచ్చట్లు. ఈ పేరు చూడగానే నాకు భలే నచ్చింది. వ్యాసాలు అనలేదు, ఉపన్యాసాలు అనలేదు, ముచ్చట్లు అన్నారు. ముచ్చట అనే మాటకి తెలుగులో రెండు అర్థాలున్నాయి. ఒకటి కబుర్లు. రెండోది సరదా, కోరిక. ముచ్చటపడి కొనుక్కుంది అంటాం, పెళ్ళి ముచ్చట తీరింది అంటాం, చూడముచ్చటగా ఉంది అంటాం. ఆడవాళ్ళ కబుర్లు, ఆడవాళ్ళ ఇష్టాలు రెండూ ఒకే మాటలో ఉన్నాయి. మన ఊళ్ళలో అరుగుల మీద, బావుల దగ్గర, మధ్యాహ్నం పనయ్యాక చెట్టు కింద జరిగే మాటల్ని తీసుకెళ్ళి పత్రికలో పెట్టడం ఆవిడ చేసిన పని. దానికి శీర్షిక పేరులోనే క్షమాపణ లేదు, ఇవి ముచ్చట్లే, చదవండి అన్న ధైర్యం ఉంది.

తలనొప్పి మందు, ఆడవాళ్ళ మందు, మధ్యలో సాహిత్యం

ఇక్కడ చిన్న పక్కదారి. ఆ పత్రికలు ఎలా నడిచేవి? ఆంధ్రపత్రిక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారిది. ఆయన 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. మన ఇళ్ళలో ఇప్పటికీ ఉండే పసుపు రంగు బామ్ అదే. ఆ డబ్బుతో 1908లో బొంబాయిలోనే వారపత్రికగా ఆంధ్రపత్రిక తెచ్చారు, 1914లో మద్రాసు నుంచి దినపత్రిక చేశారు.

గృహలక్ష్మి అనే ఆడవాళ్ళ మాసపత్రిక 1928లో మద్రాసులో మొదలైంది. దాన్ని పెట్టింది డాక్టర్ కె.ఎన్.కేసరి గారు. ఒంగోలు వైపు పల్లెటూరి నుంచి చిన్నప్పుడే మద్రాసు చేరి, ఆయుర్వేదం నేర్చుకుని, కేసరి కుటీరం పెట్టి, లోధ్ర అనే ఆడవాళ్ళ మందుతో పేరు తెచ్చుకున్నారు. అంటే తెలుగువాళ్ళ తలనొప్పి ఒక పత్రికని పోషిస్తే, తెలుగు ఆడవాళ్ళ ఆరోగ్యం ఇంకో పత్రికని పోషించింది. స్టార్టప్‌ల గురించి మనం రోజూ వింటాం కదా, కంపెనీ లాభాన్ని పత్రికలో పెట్టి, ఆ పత్రికలో బాపట్ల ఇల్లాలికి నెలనెలా చోటివ్వడం కూడా ఒక బిజినెస్ మోడలే అనుకోవచ్చు. మందుల అమ్మకానికి అది ప్రకటనగా పనికొచ్చే ఉంటుంది, కాదనను. కానీ ఆ చోటు దొరకడం వల్ల ఏం జరిగిందో చూద్దాం.

ప్రియమైన కల్పలతకు

గృహలక్ష్మిలో వరలక్ష్మమ్మ గారు రాసినవే శారద లేఖలు. 1934 దాకా, దాదాపు ఆరేళ్ళు వచ్చాయి. ఆవిడకి శాశ్వతంగా పేరు తెచ్చినవి ఇవే. శారద అనే యువతి కల్పలత అనే స్నేహితురాలికి ఉత్తరాలు రాస్తుంటుంది. శారద చదువుకున్న మనిషి, కొత్త ఆలోచనలున్న మనిషి, చుట్టూ జరిగేవి చూసి ఊరుకోలేని మనిషి. ఆడవాళ్ళ వేషభాషలు, అలంకారాలు, ఖద్దరు, బాల్యవివాహాలు, విడాకుల హక్కు, అంటరానితనం, ఇవన్నీ ఆ ఉత్తరాల్లోకి వచ్చాయి.

ఈ జాబితాని మళ్ళీ ఒకసారి చూడండి. నగలు, చీరలు ఒక పక్క. విడాకులు, అంటరానితనం ఇంకో పక్క. మన దగ్గర సాధారణంగా ఈ రెండూ వేరువేరు పేజీల్లో ఉంటాయి. ఒకటి ఆదివారం స్పెషల్లో, ఇంకోటి ఎడిటోరియల్లో. ఒకే ఉత్తరాల వరసలో రెండూ ఎలా పట్టాయి అంటే, అది ఉత్తరం కాబట్టి. స్నేహితురాలికి ఉత్తరం రాసేటప్పుడు టాపిక్ ఉండదు. బుద్ధి ఎటు పోతే అటు పోవచ్చు. చీర సంగతి మొదలుపెట్టి దేశం సంగతికి రావచ్చు, మళ్ళీ వెనక్కి పోవచ్చు. మన వాట్సాప్ చాట్‌లు ఎలా ఉంటాయో అలాగే.

రెండో లాభం, ఉత్తరంలో పెద్దరికం ఉండదు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1928 వేసవిలో, నెహ్రూ గారు పదేళ్ళ ఇందిరకి ఉత్తరాలు రాశారు, 1929లో అవి పుస్తకంగా వచ్చాయి. భూమి ఎలా పుట్టింది, మనుషులు ఎలా వచ్చారు అని తండ్రి కూతురికి చెప్పే ఉత్తరాలవి. తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకి చెప్పడం. శారద, కల్పలతలది అలా కాదు, ఇద్దరూ సమానం. శారద చెప్పేది ఒప్పుకోవాలని కల్పలతకి రూలేం లేదు. పత్రిక చేతిలోకి తీసుకున్న ప్రతి పాఠకురాలూ కాసేపు కల్పలత అయిపోతుంది. నీకు బుద్ధి చెప్తా అని మొదలుపెడితే పుస్తకం మూసేసే మనిషి కూడా, నీకో సంగతి చెప్పాలే అంటే చెవి అటు పడేస్తుంది.

అప్పట్లో ఉత్తరం చవక కూడా. 1879లో మన దేశానికి పోస్టుకార్డు వచ్చినప్పుడు ధర పావు అణా, అంటే కానీ. 1922లో అర్ధణా అయింది. అయినా అత్తవారింటికి వెళ్ళిపోయిన అమ్మాయికి చిన్ననాటి స్నేహితురాలితో మిగిలిన ఒకే ఒక దారి అదే. పదమూడేళ్ళకి పెళ్ళిళ్ళయిపోతే స్నేహాలు ఎక్కడ మిగులుతాయి? అమ్మానాన్నలనైనా పండక్కి చూస్తారు, స్నేహితురాలిని చూడడానికి ఎవరు పంపిస్తారు? మా నాయనమ్మ ఐదో తరగతితో చదువు ఆపేసింది. ఆవిడతో చదువుకున్నవాళ్ళ పేర్లన్నీ ఇప్పటికీ వరసగా చెప్తుంది, కానీ వాళ్ళలో ఒక్కరు కూడా ఇప్పుడెక్కడున్నారో ఆవిడకి తెలియదు. శారదకి కల్పలత అనే స్నేహితురాలు ఆరేళ్ళపాటు ఉంది, ఎక్కడికీ పోలేదు. కల్పనే కావచ్చు, కానీ చదివేవాళ్ళకి ఎంత ఆశగా అనిపించి ఉంటుందో నేను ఊహించుకోగలను.

చీరల కొట్టుకి వెళ్ళిన రాజకీయం

ఇప్పుడు షాపింగ్ సంగతి. 1920లలో చీర కొనుక్కోవడం మామూలు విషయం కాదు. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది, గాంధీ గారు వచ్చారు. వరలక్ష్మమ్మ గారి మీద గాంధీ గారి ప్రభావం చాలా ఎక్కువ. తర్వాత ఆయన మీద గాంధీ దండకం కూడా రాశారు. విదేశీ బట్ట మానేయాలి, రాట్నం తిప్పాలి, ఖద్దరు కట్టాలి అని పిలుపు. అదే ఏడాది బాపట్ల పక్కనే ఉన్న చీరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెనక జనం మునిసిపాలిటీ పన్నులకి ఎదురుతిరిగి, ఇళ్ళు వదిలేసి, ఊరి బయట రామనగరం అని పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. చీరాల అంటే మగ్గాల ఊరు. బట్ట ఎక్కడ తయారవుతోంది, ఎవరి పొట్ట నింపుతోంది అనేది బాపట్ల వాళ్ళకి పేపర్లో చదివే విషయం కాదు, కళ్ళముందున్న విషయం.

కానీ ఆ రోజుల ఖద్దరు ముతక, బరువు, ఉతికితే ఇంకా బరువు. మిల్లు చీర పల్చన, రంగులు బాగుంటాయి, ధర తక్కువ. సరదాగా చీర కట్టుకోవాలన్న ముచ్చట ఒక పక్క, దేశం ఒక పక్క. మగవాళ్ళకి స్వరాజ్యం సభలో ఉపన్యాసంగా వస్తే, ఆడవాళ్ళకి చీరల కొట్టులో వచ్చింది. 1930లో ఉప్పు సత్యాగ్రహంతో వంటింట్లోకి కూడా వచ్చేసింది. ఒంగోలు దగ్గర దేవరంపాడు శిబిరంలో ఉప్పు వండితే, ఆ ఉప్పు పడేది చివరికి ఎవరో ఒకావిడ చేసే పప్పులోనే కదా. అందుకే వేషభాషల గురించి శారద ఉత్తరాల్లో రాయడం పక్కదారి పట్టడం కాదు. ఆ కాలంలో గొడవ జరుగుతున్నదే అక్కడ.

1924లో ఆవిడ రాసిన కుటీరలక్ష్మి కథ కూడా ఈ గొడవ గురించే. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత మన బతుకులు ఎలా మారాయి, యంత్రాల సరుకు ముందు చేతివృత్తులు ఎలా కుదేలయ్యాయి అనేది దాని నేపథ్యం. ఆటోమేషన్ వస్తే మన ఉద్యోగాలు ఏమవుతాయని ప్లేస్‌మెంట్ల సీజన్లో మనం భయపడుతుంటాం. ఆ భయానికి వందేళ్ళ నాటి అక్క ఈ కథ. మన సిలబస్‌లో దీన్ని పెడితే ఎథిక్స్ క్లాసులో నిద్ర కొంచెం తగ్గుతుందని నా నమ్మకం.

శారద పేరు, శారదా చట్టం

శారద లేఖలు వస్తున్న రోజుల్లోనే ఇంకో శారద దేశమంతా మారుమోగింది. హర్‌బిలాస్ శారదా అనే ఆయన పెట్టిన బిల్లు 1929 సెప్టెంబర్‌లో చట్టమైంది, 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అమ్మాయికి 14, అబ్బాయికి 18 ఏళ్ళు నిండకుండా పెళ్ళి చేయకూడదు. మనవాళ్ళు దాన్ని శారదా చట్టం అన్నారు.

ఇక చూడండి మనవాళ్ళ తెలివి. చట్టం పాసైంది సెప్టెంబర్‌లో, అమలు ఏప్రిల్‌లో. మధ్యలో ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో దేశమంతా చిన్నపిల్లల పెళ్ళిళ్ళు హడావుడిగా చేసేశారు. అస్సైన్‌మెంట్ డెడ్‌లైన్ ముందు రోజు రాత్రి మన హాస్టల్లో కనిపించే హడావుడి లాంటిదే, కాకపోతే ఇక్కడ సబ్మిట్ చేసింది పిల్లల్ని. ఆ తర్వాత కూడా దారి దొరికింది. యానాం ఫ్రెంచివాళ్ళ చేతుల్లో ఉండేది, బ్రిటిష్ చట్టం అక్కడ చెల్లదు. మన గోదావరి జిల్లాల నుంచి అక్కడికి వెళ్ళి పెళ్ళిళ్ళు చేసుకుని వచ్చేవాళ్ళు. ఎన్ని పెళ్ళిళ్ళంటే ఆ ఊరికి కల్యాణపురం అని పేరే వచ్చింది. ఇప్పుడు యానాం వెళ్ళేవాళ్ళు గోదావరి ఒడ్డున ఫొటోలు దిగి వస్తారు. అప్పట్లో అదే దారిలో ఊరేగింపుగా వెళ్ళిన కొందరు ప్రయాణికులకి పదేళ్ళు కూడా లేవు, తమ పెళ్ళికే వెళ్తున్నామని అర్థం కూడా అయ్యుండదు.

ఈ చట్టం గురించి వరలక్ష్మమ్మ గారు శారద చేత రాయించారు. రాసిన మనిషి ఎవరు? పదమూడో ఏట పెళ్ళయిన మనిషి. మంచి భర్త దొరికిన మనిషి. కావాలంటే మా కాలంలో అందరం అలాగే చేసుకున్నాం, మాకేమైంది అని ఒక్క మాటతో తేల్చేయొచ్చు. మన ఇళ్ళలో ఈ మాట ఎన్నిసార్లు వినలేదు? నేను అలాగే బతికాను, నువ్వూ అలాగే బతుకు అని చెప్పడం చాలా సులువు. నాకు జరిగింది నా తర్వాతివాళ్ళకి జరగకూడదు అనుకోవడం కష్టం. ఆవిడ ఆ కష్టమైన పక్క నిలబడ్డారు. అది కూడా పేరు దాచుకుని, ఒక చదువుకున్న స్నేహితురాలి గొంతుతో. ఆ శారద బహుశా, పదమూడేళ్ళకి పెళ్ళి కాకపోతే తాను అయ్యుండే అమ్మాయేమో అని నాకనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే.

పక్క ఊరి చలం, నా పేచీ

ఆవిడ మాటలన్నీ నాకు నచ్చాయని చెప్పను. అదే రోజుల్లో తెనాలిలో పెరిగిన చలం గారు మైదానం రాశారు, 1927లో. అందులో రాజేశ్వరి ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. వరలక్ష్మమ్మ గారి శారద ఇల్లు వదలదు. ఇల్లు ఉండాలి, ఇంట్లో ఆడమనిషికి చదువు, గౌరవం, హక్కు ఉండాలి అంటుంది. సత్యా ద్రౌపదీ సంవాదం లాంటివి కూడా ఆవిడ రాశారు, పురాణ స్త్రీలంటే ఆవిడకి ఇష్టం. విశ్వామిత్ర మహర్షి అని నవల, వసుమతి అని ఇంకో నవల, పిల్లలకి పాటలు, ఇలా ఆవిడ రాయనిది లేదు. కొన్నిచోట్ల మరీ బుద్ధిమంతురాలి ధోరణి. ఇల్లాలి బాధ్యతల మాట వచ్చినప్పుడు నాకు అక్కడక్కడా పేచీ పెట్టుకోవాలనిపించింది.

కానీ ఇంకో సంగతి ఆలోచించాను. మైదానాన్ని ఆ రోజుల్లో ఎన్ని ఇళ్ళలో ఆడవాళ్ళ చేతికి రానిచ్చి ఉంటారు? గృహలక్ష్మిని మాత్రం మామగారు చూసినా, అత్తగారు చూసినా ఏమీ అనరు. పేరే గృహలక్ష్మి. లోపల చూస్తే విడాకుల చట్టం గురించి ఉంటుంది. గేటు దగ్గర ఆపకుండా లోపలికి పోయే దారి ఆవిడ కనిపెట్టారు. చలం గారు తలుపు బద్దలుకొట్టారు, ఈవిడ కిటికీలోంచి ఉత్తరం వేశారు. మన జిల్లాలకి ఇద్దరూ కావాలి.

భాష విషయం కూడా చెప్పాలి. ఆవిడ తెలుగు నాకు మొదట్లో కొంచెం బరువుగా అనిపించింది. ఆవిడ కథల్లో ఒకదాని పేరు ఐదు మాసముల ఇరువది దినములు. మనమైతే ఐదు నెలల ఇరవై రోజులు అంటాం. రెండు పేజీలు గడిచాక అలవాటైపోతుంది. గట్టిగా పైకి చదివితే ఇంకా తొందరగా అలవాటవుతుంది, ఇది నేను హాస్టల్ టెర్రస్ మీద ప్రయోగం చేసి చెప్తున్నా.

బంగారు కంకణం

1931లో బాపట్లలో స్త్రీ హితైషిణీ మండలి పెట్టారు. ఉత్తరంలో ఒక్క కల్పలత ఉంటే, ఇక్కడ నిజం మనుషులు. కాగితం మీద చెప్పినదాన్ని ఊళ్ళో చేసి చూపించే ప్రయత్నం. సూర్యలంక దారిలో పోయే మనకి బాపట్లలో అలాంటి సంఘం ఒకటి ఉండేదని తెలియకపోవడం మన తప్పు కాదు, ఎవరూ చెప్పలేదు, అంతే.

1934లో కేసరి గారు గృహలక్ష్మి స్వర్ణకంకణం అని ఒక గౌరవం మొదలుపెట్టారు. తెలుగు రచయిత్రులకి ఇచ్చే బంగారు కంకణం. మొట్టమొదటిది వరలక్ష్మమ్మ గారికే ఇచ్చారు. అప్పటికి ఆవిడకి ముప్పై ఎనిమిదేళ్ళు. ఆ రోజుల్లో ఆడవాళ్ళ చేతికి బంగారం రావడానికి రెండే దారులు, పుట్టింటివాళ్ళు పెట్టాలి, లేకపోతే అత్తింటివాళ్ళు పెట్టాలి. ఈవిడ చేతికి మూడో దారిలో వచ్చింది, తన రాతకి వచ్చింది. నగల మీద ముచ్చట గురించి రాసిన మనిషికి ఇంతకంటే తగిన బహుమతి ఇంకేముంటుంది!

తర్వాత కాలం మారింది. పత్రికల తర్వాత రేడియో వచ్చింది. మద్రాసు, విజయవాడ ఆకాశవాణి కేంద్రాల నుంచి ఆవిడ గొంతు తెలుగు ఇళ్ళలోకి వెళ్ళింది. రైలు రాకముందు పుట్టిన అమ్మాయి రేడియోలో మాట్లాడింది. స్వరాజ్యం చూశారు, 1913లో తన ఊళ్ళో అడిగిన ఆంధ్ర రాష్ట్రం 1953లో రావడం చూశారు, 1956లో ఆంధ్రప్రదేశ్ చూశారు. 1955 హిందూ వివాహ చట్టంతో విడాకుల హక్కు చట్టంలోకి రావడం కూడా చూశారు. 1978లో కన్నుమూశారు. ఎనభై పైచిలుకు ఏళ్ళ జీవితం.

ఈ మ్యాగజైన్ చదివేవాళ్ళలో చాలామంది ఫోన్ నోట్స్‌లో ఏదో ఒకటి రాసుకుంటారని నాకు తెలుసు. ఏ హోటల్లో దోసె బాగుంది, ఏ పుస్తకం సగంలో ఆపేశాం, తెనాలి బజారులో ఏం కొన్నాం, పాసింజర్ రైల్లో కిటికీ పక్క సీటు ఎలా దొరికింది, ఇలాంటివి. ఇవి రాస్తే సాహిత్యమా అని ఆగిపోతుంటారు. ఆగకండి. మన క్లబ్‌కి పంపండి. వచ్చే సంచిక నుంచి ఒక పేజీ వీటికే ఉంచుదామని ఎడిటర్లని అడిగాను, పేరు పెట్టమన్నారు. నేను పెట్టిన పేరు కల్పలతకు. నచ్చకపోతే మార్చుకుందాం, కానీ మొదటి ఉత్తరం మాత్రం ఈ నెలాఖరులోపు ఎవరో ఒకరు రాయాలి.

ఇక బాపట్ల స్టేషన్‌లో దిగేవాళ్ళకి ఒక మాట. నేరుగా సూర్యలంక ఆటో ఎక్కేయకుండా, ఈ ఊరి నుంచి ఒకావిడ ఆరేళ్ళపాటు నెలనెలా ఒక స్నేహితురాలికి ఉత్తరం రాసిందని పక్కనున్నవాళ్ళకి చెప్పండి. బీచ్ ఎక్కడికీ పోదు.